అడవిపువ్వును నిలిచి చూచిన మనుష్యుడు

ధ్యానవాక్యము: మత్తయి సువార్త 6:28–30
చదువవలసిన భాగములు: కీర్తన 103:13–17, యెషయా 40:6–8



వానకాలమున చేలు పచ్చబడిన దినములలో మనమందరము గట్లవెంబడి నడచువారమే. ఆ గట్లమీద తుమ్మి తెల్లగా పూయును. పల్లేరు పచ్చగా పూయును. చేనిలో గునుగు తలయెత్తి నిలుచును. మన కన్ను వాటిమీద పడును గాని నిలువదు. కలుపు తీయు స్త్రీలు వాటిని పెరికి గట్టున వేయుదురు. సాయంత్రమునకు అవి వాడిపోవును. ఇందులో తప్పేమియు లేదు. పైరును కాపాడనిదే పిల్లలకు కూడు లేదు.

అయినను మన ప్రభువు ఇచ్చిన ఆజ్ఞలలో ఒకటి ఈ పువ్వులను గూర్చినదని మనలో ఎందరికి జ్ఞాపకమున్నది? ఏమి తిందుము, ఏమి కట్టుకొందుమని దిగులుపడు పల్లె ప్రజలతో ఆయన కొండమీద మాటలాడుచు, పొలములో పూయు పువ్వు ఎట్లు పెరుగునో తలపోయుడని వారికి చెప్పెను. ప్రార్థన చేయుడని చెప్పిన నోటితోనే ఈ మాటయు చెప్పెను. మనము మొదటి ఆజ్ఞను కొంతవరకైనను గైకొందుము. రెండవదానిని ఆజ్ఞగా ఎంచనే యెంచము.

ఇతర దేశములవారు అనేకులు ఈ వచనములో లిల్లీ పువ్వులని చదువుదురు. మన తెలుగు బైబిలులో అడవిపువ్వులని యున్నది. ఈ మాటయే 103వ కీర్తనలోను యెషయా 40వ అధ్యాయములోను కనబడును. ఆ రెండు చోట్లను అడవిపువ్వు మన మరణమునకు గురుతు; గాలి విసరగా అది లేకపోవును. సువార్తలోనైతే అది మన తండ్రి శ్రద్ధకు గురుతు. ఆయన దానికి రాజువస్త్రమును మించిన వస్త్రము తొడుగును. పువ్వు ఒక్కటే, అది చెప్పు సంగతులు రెండు. ఈ రెండు సంగతులను రంగులతో ఒకే గుడ్డమీద నిలిపిన ఒక మనుష్యుని గూర్చి ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాము.

సంఘము వద్దన్న సువార్తికుడు

హాలండు దేశములోని జుండర్టు అను ఊరిలో, ఒక ప్రొటెస్టంటు సంఘకాపరి యింట, 1853వ సంవత్సరము మార్చి 30వ తేదీన విన్సెంట్ వాన్ గో జన్మించెను. యౌవనములో అతని కోరిక తండ్రివలె వాక్యము బోధింపవలెననియే. 1876లో ఇంగ్లండులోని రిచ్‌మండులో ప్రసంగపీఠమెక్కి, మనము ఈ లోకములో పరదేశులమను సంగతిని 119వ కీర్తన 19వ వచనమునుండి బోధించెను. 1879 జనవరిలో బెల్జియము దేశపు బోరినాజ్ అను బొగ్గుగనుల సీమలో ఆరు నెలల పరీక్షకాలమునకు సువార్తికుడుగా నియమింపబడెను.

అక్కడ అతడేమి చేసెనో వినుడి. మంచి బస విడిచి గుడిసెలో గడ్డిమీద పండుకొనెను. తన బట్టలను గనిపనివారికి పంచిపెట్టెను. రోగుల యొద్దను, గని ప్రమాదములలో గాయపడినవారి యొద్దను కూర్చుండి పరిచర్య చేసెను. ఆరు నెలలు గడచిన తరువాత అతనిని నియమించిన పెద్దలు అతని త్యాగమును ఒప్పుకొనిరి గాని, సభలో మాటలాడు నేర్పు లేదను కారణముచేత అతనిని కొనసాగింపలేదు.

ప్రియులారా, ఆ పెద్దలమీద రాయి వేయుటకు మాకు ధైర్యము చాలదు. మేమును సంఘ కమిటీలలో కూర్చున్నవారమే. ఒక ఉపదేశి ప్రసంగము బాగులేదని వ్రాసికొన్నాము గాని, అతడు రాత్రి ఎవరి మంచము ప్రక్కను మేలుకొని యుండెనో అడుగలేదు. గొంతు బాగుగలవానిని ఎన్నుకొన్నాము. చేతులు బాగుగలవానిని పంపివేసినాము.

విన్సెంట్ ఆ గాయమును తేలికగా మరువలేదు. తరువాత అతడు దేవాలయమునకు దూరమాయెను, తండ్రితోను కలహించెను. అతనిని పరిశుద్ధునిగా మీయెదుట నిలుపుట మా తాత్పర్యము కాదు. అయితే 1880లో, ఇరువదియేడేండ్ల వయస్సున, అతడు చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనెను. అది మొదలు పదియేండ్లలో 850కి పైగా తైలవర్ణ చిత్రములు వేసెను. ఆ చిత్రములలో పొలముల మధ్య పూచిన పువ్వులను అతడు వేసిన విధమునందు మనకు మూడు పాఠములున్నవి.

1. అతడు నిలిచి చూచెను

1888 ఫిబ్రవరిలో అతడు ఫ్రాన్సు దేశపు దక్షిణమున ఆర్ల్ అను పట్టణమునకు వెళ్లెను. అక్కడ ఉత్తరమునుండి మిస్త్రాల్ అను పెనుగాలి వీచును. పటమును నిలుపు కొయ్య ఆ గాలికి పడిపోకుండ, గుడారమునకు మేకులు కొట్టినట్లు, నేలలో మేకులు కొట్టి దానిని బిగించి అతడు పొలములో పనిచేసెను.

ఆ దేశములలో గోధుమ చేల మధ్య ఒక ఎఱ్ఱని పువ్వు పూయును. అది మన గసగసాల మొక్కకు చుట్టము. పలుచని రేకులు, సన్నని కాడ; కోసి చేత పట్టుకొన్న కొంతసేపటికే రేకులు రాలును. దాని విత్తనము భూమిలో అనేక సంవత్సరములు నిద్రించి, నాగలి నేలను కదల్చినప్పుడు మొలచును. రైతుకు అది కలుపే. విన్సెంట్ ఆ కలుపును తన పటములోనుండి తీసివేయలేదు. గోధుమకు ఎంత శ్రద్ధతో రంగు పెట్టెనో, ఎఱ్ఱపువ్వునకును అంత శ్రద్ధతోనే పెట్టెను.

1889 మే నెలలో, మనస్సు చెడిన దినములలో, అతడు తానే ఒప్పుకొని సాన్ రెమీ అను ఊరి ప్రక్కనున్న మానసిక రోగుల ఆసుపత్రిలో చేరెను. అతని గది కిటికీకి ఊచలుండెను. ఆ ఊచల వెలుపల గోడ చుట్టిన ఒక గోధుమ పొలముండెను. అతడు ఆ పొలమును పచ్చగా నున్నప్పుడు వేసెను, పండినప్పుడు వేసెను, కోతకాలమున వేసెను. తోటలోనికి వెళ్లుటకు సెలవు దొరకినప్పుడు గడ్డిదగ్గర నిలిచి, ఎఱ్ఱపువ్వులను, వాటిమీద వ్రాలు సీతాకోకచిలుకలను వేసెను. రోగము తిరుగబడినప్పుడు పని ఆగెను. తగ్గినప్పుడు మరల మొదలుపెట్టెను.

చూచుట యనగా ఇదియే. మనము దిగులుపడునప్పుడు మొదట చెడునది మన చూపే. అప్పులవాడు కనబడును, మేఘములేని ఆకాశము కనబడును. కాలిక్రింది పువ్వు కనబడదు. దిగులు తీసివేసికొనుడని ప్రభువు ఊరకే చెప్పి విడిచిపెట్టలేదు. కన్ను ఎక్కడ పెట్టవలెనో కూడ చూపించెను. నాగలి పట్టినవాడు పని మాని పువ్వు చూడవలెనని మేము చెప్పము. చాలు త్రిప్పునప్పుడు ఎడ్లు ఒక నిమిషము నిలుచును గదా. ఆ నిమిషము చాలును.

2. అతడు దళసరిగా పూసెను

తైలవర్ణమనగా రంగుపొడిని అవిసె నూనెతో నూరి చేసిన ముద్ద. పూర్వము చిత్రకారులు ఈ ముద్దను పందితిత్తులలో కట్టి ఉంచుకొనెడివారు. 1841లో జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు దానిని తగరపు గొట్టములలో నింపు పద్ధతిని కనిపెట్టెను. అందుచేత చిత్రకారులు రంగులను సంచిలో వేసికొని పొలములకు వెళ్లుట సులువాయెను.

ఆ కాలపు పేరుగల చిత్రకారులలో అనేకులు కుంచెజాడ కనబడకుండ రంగును నునుపుగా పూయుచుండిరి. విన్సెంట్ అట్లు చేయలేదు. మార్సేయి పట్టణములో 1886లో చనిపోయిన మోంటిచెల్లి అను చిత్రకారుడు పువ్వులను దళసరి రంగులతో వేసినవాడు. అతని పటములను చూచి ఇతడు ధైర్యము తెచ్చుకొనెను. గొట్టమునుండి వచ్చిన రంగును వచ్చినట్లే ఎత్తి గుడ్డమీద పెట్టెను. మన యిండ్లలో తల్లులు మట్టియు పేడయు కలిపి గోడ అలుకునప్పుడు వ్రేళ్లచాళ్లు గోడమీద నిలిచిపోవును గదా. అట్లే ఇతని కుంచెచాళ్లు రంగులో నిలిచిపోయినవి. ఎఱ్ఱపువ్వు ఒక్కొక్కటి ఒక్కొక్క రంగుముద్ద. ప్రక్కనుండి వెలుగు పడినప్పుడు ఆ ముద్దకు ఒక వైపు మెరుపును ఒక వైపు నీడయు కలుగును. దగ్గరకు వెళ్లినయెడల ముద్దలే కనబడును. నాలుగడుగులు వెనుకకు వచ్చినయెడల పొలమంతయు గాలికి ఊగుచున్నట్లుండును.

అతడు పొలములోనే పచ్చిరంగులతో పనిచేసినందున ధూళియు పురుగులును ఆ రంగులో అంటుకొనెడివి. 1889లో అతడు వేసిన ఒలీవచెట్ల పటము నొకదానిని అమెరికాలోని కాన్సాస్ సిటీ మ్యూజియమువారు పరీక్షింపగా, ఆ దళసరి రంగులో ఒక మిడుత తునకలు కనబడెనని 2017లో తెలిపిరి. మనుష్యులు మిడుతలవంటి వారని యెషయా 40వ అధ్యాయములో 22వ వచనము చెప్పుచున్నది. అడవిపువ్వు మాటయు ఆ అధ్యాయములోనిదే. నూరేండ్లకు పైగా ఎవరికిని తెలియక రంగులో నిలిచియున్న ఆ అల్పజీవిని తలంచినప్పుడెల్ల మాకు ఆ అధ్యాయము జ్ఞాపకము వచ్చును.

దళసరి రంగునకు వెల ఎక్కువ. ఆ వెల ఎవరు ఇచ్చిరి? విన్సెంటు తమ్ముడు థియో. ఇతడు పటముల వ్యాపారశాలలో ఉద్యోగి. నెలనెలకు అన్నకు డబ్బు పంపెను, రంగులు పంపెను, గుడ్డ పంపెను. పటములు కొనువారు దాదాపు లేరు. 1890లో ఒక పటము 400 ఫ్రాంకులకు అమ్ముడుపోయినది రూఢి. అయినను తమ్ముడు ఇక చాలును అనలేదు. దుర్దశలో అక్కరకు వచ్చుటకే సహోదరుడు పుట్టునని సామెతలు 17:17 నేర్పుచున్నది. పెద్దల కమిటీ మూసిన తలుపును ఒక సహోదరుడు తెరచి యుంచెను.

ఇప్పుడు సువార్తకు రండి. పాలస్తీనా దేశములో కట్టెలు కరవు. ఎండిన గడ్డిని, దానితోకూడ పువ్వులను, పొయిలో వేసి రొట్టె కాల్చుకొనెడివారు. మనము జొన్నకొయ్యలను, కందికట్టెను పొయిలో పెట్టునట్లే. రేపు బూడిద కావలసిన దానికి నేడెందుకింత రంగు? మనమైతే పొదుపు చేయుదుము. పలుచగా ఒక పూత పూసి చాలునందుము. మన తండ్రి అట్టివాడు కాడు. ఒక్క దినపు పువ్వునకు ఆయన దళసరిగా పూసెను. సొలొమోను వస్త్రము నేతగాని మగ్గమునుండి వచ్చి అతని పైన వేయబడినది. పువ్వు వస్త్రము దానిలోనుండియే వచ్చినది. కలుపునకే ఇంత చేయువాడు, తన కుమారుని రక్తముతో కొనిన మిమ్మును పలుచగా ప్రేమించునా?

3. వాడిపోవునని యెరిగియు పూసెను

ఆ దినములలో క్రొత్తగా వచ్చిన ఎరుపు రంగులలో కొన్ని వెలుగునకు నిలుచునవి కావు. విన్సెంట్ వాటిని వాడెను. 1889లో ఆసుపత్రి తోటలో అతడు వేసిన ఐరిస్ పువ్వులు నేడు నీలముగా కనబడుచున్నవి. మొదట అవి ఊదారంగువని పరిశోధకులు కనుగొనిరి. ఎరుపు వెలిసిపోయెను, నీలము మిగిలెను.

ఇది అతనికి తెలియక జరిగినది కాదు. పువ్వులు వాడినట్లే చిత్రములును వాడునని అతడు తమ్మునికి వ్రాసిన యుత్తరములలో ఒప్పుకొనెను. కాలము రంగులను ఎట్లును తగ్గించును గనుక, మొదటనే గాఢముగా పెట్టవలెనని తలంచెను. వెలిసిపోవునని పలుచగా పూయలేదు. వెలిసిపోవునని ఇంకను నిండుగా పూసెను.

తల్లులారా, తండ్రులారా, మనము చేయు పనులు ఏవి నిలుచును? ఆదివారపు బడిలో నేర్పిన పాఠమును పిల్లవాడు పట్టణమునకు వెళ్లి మరచిపోవును. వండిన కూడు పూటకే అయిపోవును. వ్యాధిగ్రస్తునికి చేసిన సేవ అతనితోకూడ సమాధిలోనికి పోవును. గడ్డి ఎండును, పువ్వు వాడునని యెషయా నిజమే చెప్పెను. అయితే ఆ వచనము అక్కడ ఆగలేదు. దేవుని వాక్యము ఎప్పటికిని నిలుచునని ముగించెను. నిలుచునది మన రంగు కాదు. పూయుమని మనకు చెప్పినవాని మాట. కాబట్టి వాడిపోవు పనియని సగము మనస్సుతో చేయకుడి. ఈ దినపు పువ్వునకు ఈ దినపు రంగు నిండుగా పెట్టుడి.

ఆరని లోపలి పొర

దళసరి తైలవర్ణమునకు ఒక గుణమున్నది. నూనె నీటివలె ఆవిరియైపోదు. గాలిలోని ప్రాణవాయువును పుచ్చుకొని మెల్లమెల్లగా గట్టిపడును. పాలమీద మీగడ కట్టినట్లు పైపొర ముందుగా కట్టును. లోపల బహుకాలము పచ్చిగానే యుండును. 1890 మే నెలలో విన్సెంట్ సాన్ రెమీ విడిచి వెళ్లునప్పుడు కొన్ని పటములు ఆరనందున వాటిని అక్కడనే యుంచి, తరువాత తెప్పించుకొనెను.

మనుష్యుని దుఃఖమును అట్టిదే. పైకి ఆరినట్లుండును. పారిస్ సమీపమున ఓవేర్ అను పల్లెలో విన్సెంట్ సుమారు డెబ్బది దినములుండి, దినమునకు ఒకటి చొప్పున పటములు వేసెను. జూన్ నెలలో ఎఱ్ఱపువ్వులు నిండిన ఒక పొలమును వేసెను. అది నేడు హేగ్ నగరపు మ్యూజియములో నున్నది. దానిని చూచినవారెవరైనను ఈ చేయి సంతోషముగల మనుష్యునిదని అనుకొందురు. జూలై 27వ తేదీన అతడు తన్నుతాను గాయపరచుకొనెను. రెండు దినముల తరువాత, జూలై 29న, తమ్ముడు ప్రక్కనుండగా, ముప్పదియేడవ యేట చనిపోయెను. అతడు అట్లు చనిపోయినందున ఆ యూరి దేవాలయము తన శవపుబండిని ఇయ్యలేదు. పొరుగూరి బండి తెచ్చిరి. స్నేహితులు పెట్టెమీద పసుపుపచ్చని పువ్వులు నిండుగా కప్పిరి. ఆరు నెలలకు థియోయు చనిపోయెను. 1914లో అతని దేహమును తెచ్చి అన్న ప్రక్కనే పాతిపెట్టిరి.

సహోదరులారా, ఈ సంగతి దూరదేశపుది కాదు. మన పల్లెలలోను అప్పుల బాధచేతను, రోగముచేతను, ఎవరితోను చెప్పుకొనలేని దుఃఖముచేతను ప్రాణముమీద విసుగు చెందినవారున్నారు. మనస్సునకు వచ్చు జబ్బు శరీరమునకు వచ్చు జబ్బువంటిదే. దానికి వైద్యులున్నారు, మందులున్నవి. అట్టివారిని విశ్వాసము చాలనివారని దూషింపకుడి. ఒంటరిగా విడువకుడి. వారి యింటికి వెళ్లి కూర్చుండుడి, వారు చెప్పునది వినుడి, ఆసుపత్రికి తోడు వెళ్లుడి. మరియు అట్టి మరణము ఏ యింట జరిగినను, ఆ యింటివారికి మన దేవాలయపు తలుపు మూయబడకుండును గాక. తీర్పు తీర్చువాడు ఒక్కడున్నాడు. ఆయన గడ్డిపువ్వునకు వస్త్రము తొడుగువాడు. 103వ కీర్తన అడవిపువ్వు మాటకు ముందుగా ఏమి చెప్పుచున్నదో చదువుడి: మనము మంటివారమని ఆయనకు తెలియును, తండ్రి పిల్లలయెడల జాలిపడునట్లు ఆయన జాలిపడును.

కావున ఈ నెలలో ప్రతి కుటుంబమును రెండు పనులు చేయవలెనని కోరుచున్నాము. ఒక సాయంకాలము పిల్లలను గట్టునకు తీసికొనిపోయి, ఒక అడవిపువ్వును పెరుకక, దానియొద్ద కూర్చుండి బాగుగా చూడుడి. ఇంటికి వచ్చి మత్తయి 6వ అధ్యాయము చదువుకొనుడి. రెండవది, సంఘములో ఎవరిని మనము కలుపుగా ఎంచి గట్టున వేసితిమో వారి పేరు జ్ఞాపకము చేసికొని, వారి గుమ్మము త్రొక్కుడి. మొదటిదానికంటె రెండవది కష్టము. అయినను పువ్వును నిజముగా చూచినవాడు పొరుగువానిని చూడక మానలేడు.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మేము నడచు గట్లమీద నీవు పూయించిన పువ్వులను త్రొక్కుచు పోయితిమి, మమ్మును క్షమించుము. మాకు చూచు కన్నులు దయచేయుము. నేడుండి రేపు లేని గడ్డికి నీవు తొడిగిన సొగసును చూచి, మా పిల్లల కూటిని గుడ్డను గూర్చిన దిగులును నీ చేతికి అప్పగింప నేర్పుము. మేము వద్దన్నవారిని నీవు విడువలేదని మాకు తెలియజేయుము. లోపల ఆరని దుఃఖముతో నున్నవారిని ఈ రాత్రి కాపాడుము. వారియొద్దకు మమ్మును పంపుము. వాడిపోవు మా పనిని నిండు మనస్సుతో చేయ శక్తినిమ్ము. ఎన్నడును వాడని నీ వాక్యమైన యేసుక్రీస్తు ద్వారా అడుగుచున్నాము. ఆమేన్.